డార్ఫూర్ గురించి కాలేజీలో చెప్పబోతే "మనకెందుకు" అన్నారు. ఎలా చెప్పాలి?

తొలకరి:
అందరికీ నమస్కారం. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

సుడాన్‌లో ఎల్ ఫాషర్ అనే నగరం ఉంది. ఆ దేశపు పశ్చిమ ప్రాంతమైన డార్ఫూర్‌లో, ఉత్తర డార్ఫూర్ రాష్ట్రానికి రాజధాని. 2024 మే నుంచి ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళం దాన్ని చుట్టుముట్టి తిండీ మందులూ లోపలికి పోనివ్వలేదు. 500 రోజులు దాటాక, 2025 అక్టోబర్ 26న నగరం వాళ్ల చేతికి చిక్కింది. ఆ తర్వాత జరిగిన హత్యల గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హాస్టల్‌లో మరో ఐదుగురితో మాట్లాడాను. కాలేజీలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. మనమే చెబుదాం అనుకున్నాం.

సెమినార్ హాల్ అడిగి తీసుకుని గంటసేపు స్లైడ్లు చూపించాం. పద్నాలుగు మంది వచ్చారు. పదో నిమిషంలో కాలిన శవాల ఫొటో రాగానే ఇద్దరమ్మాయిలు లేచి వెళ్లిపోయారు. తర్వాత మరో నలుగురు. చివర్లో ప్రశ్నలు అడగమంటే, మేమంతా గౌరవించే లెక్చరర్ ఒకరు "బాగా కష్టపడ్డారమ్మా, కానీ ఇది మనకెందుకు?" అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగారు. నాకు జవాబు తోచలేదు.

ఇప్పుడు ఒక వారంపాటు సరిగ్గా చేద్దామనుకుంటున్నాం. ఫొటోలు చూపించాలా వద్దా? జెనోసైడ్ అనే మాట వాడొచ్చా? విన్నవాళ్లు అయ్యో అనుకుని వెళ్లిపోకుండా వాళ్లను ఏం చేయమని అడగాలి? ఇలాంటివి చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

నడక:
ముందు ఫొటోల సంగతి. వద్దు. ఆ శవం ఎవరో ఒక తల్లి బిడ్డది. ఆ తల్లి ఏ శిబిరంలోనో బతికే ఉండొచ్చు. మనింట్లో మనిషి అలా పోతే, ఆ ఫొటోను ఎక్కడో పరాయి దేశంలో తెర మీద పెద్దది చేసి చూపిస్తే మనం తట్టుకుంటామా? లేచి వెళ్లిన అమ్మాయిలను మాత్రం తప్పు పట్టకండి.

చట్టం_చదువు:
మాట గురించి నేను చెబుతాను. నా సబ్జెక్టే ఇది.

జెనోసైడ్ అనే పదాన్ని పుట్టించింది రఫాయెల్ లెమ్కిన్ అనే పోలండ్ యూదు లాయరు. 1944లో అచ్చయిన తన పుస్తకంలో మొదటిసారి వాడాడు. నాలుగేళ్లకు, 1948 డిసెంబర్ 9న, ఐక్యరాజ్యసమితి దాని మీద ఒప్పందం ఆమోదించింది. ఒక జాతిని, తెగను, వర్ణాన్ని, మతాన్ని పూర్తిగా గానీ కొంత భాగం గానీ తుడిచిపెట్టాలనే ఉద్దేశంతో చేసే ఐదు రకాల పనులు అందులో ఉన్నాయి: చంపడం, ఒంటికో మనసుకో తీవ్రమైన హాని చేయడం, బతకలేని పరిస్థితులు కావాలని కల్పించడం, పిల్లలు పుట్టకుండా చేయడం, పిల్లలను బలవంతంగా వేరే వాళ్లకు అప్పగించడం. చాలామంది చంపడం ఒక్కటే అనుకుంటారు. మూడోది మళ్లీ చదవండి. ఊళ్లు తగలబెట్టి, బావులు పాడుచేసి, ఆహారం రాకుండా దారులు మూసేయడం కూడా దాని కిందకు రావచ్చు.

కోర్టులో అన్నిటికంటే కష్టం "ఉద్దేశం" రుజువు చేయడం. ఇంకో ఇబ్బంది, రాజకీయ వర్గాలు ఆ జాబితాలో లేవు. కంబోడియా చూడండి. 1975 నుంచి 1979 వరకు ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలనలో సుమారు 17 లక్షల మంది చనిపోయారు. 2018లో ప్రత్యేక న్యాయస్థానం బతికి ఉన్న పెద్ద నాయకులకు జెనోసైడ్ కింద శిక్ష వేసింది చామ్ ముస్లింల, వియత్నాం వాళ్ల విషయంలోనే. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది ఖ్మేర్లు, అంటే ఆ దేశపు ప్రధాన జాతివాళ్లే. వాళ్ల చావులు మానవాళి మీద నేరాల కిందికి వెళ్లాయి. శిక్షలో తేడా లేదు, పేరులో ఉంది.

డార్ఫూర్‌కి కూడా ఇలాంటి చరిత్రే ఉంది. 2004 సెప్టెంబర్‌లో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ అప్పట్లో అక్కడ జరుగుతున్న హత్యాకాండ జెనోసైడ్ అన్నాడు. 2005 జనవరిలో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం సుడాన్ ప్రభుత్వానికి జెనోసైడ్ విధానం లేదని, కానీ జరిగిన నేరాలు తీవ్రతలో దానికేమీ తక్కువ కావని చెప్పింది. 2010లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అప్పటి అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ మీద జెనోసైడ్ ఆరోపణతో వారెంటు ఇచ్చింది. ఇప్పటి యుద్ధంలో ఆర్‌ఎస్‌ఎఫ్ జెనోసైడ్ చేసిందని 2025 జనవరిలో అమెరికా ప్రకటించింది.

కాబట్టి బోర్డు మీద "ఇది జెనోసైడ్" అని మీరు తీర్పు రాయొద్దు. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాయండి. చదివేవాళ్లు నమ్ముతారు, ఎవరైనా గొడవపడితే మీరు నిలబడగలరు.

తొలకరి:
చాలా థాంక్స్ అన్నా. తెలుగులో ఏమని రాయాలి? నరమేధం, మారణహోమం, జాతిహననం, అన్నీ చూశాను.

చట్టం_చదువు:
నరమేధం, మారణహోమం రెండూ యజ్ఞం మాటలు. బలి అనే భావం వస్తుంది. చంపినవాడికి ఏదో కార్యం చేసిన గౌరవం ఇచ్చినట్టు ఉంటుంది నాకు. పైగా ఒక గుంపును ఆ గుంపు అయినందుకే చంపారన్న అర్థం అందులో లేదు. జాతిహననం దగ్గరగా ఉంది.

నడక:
మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. శరణార్థి అన్న మాట అలవాటైపోయింది గానీ, దానికంటే ముందు మన పత్రికల్లో కాందిశీకులు అని రాసేవాళ్లు. సంస్కృతంలో "కాం దిశం", అంటే ఏ దిక్కుకు పోను అని. ఆ ప్రశ్నే మనిషికి పేరైంది. శరణార్థి అంటే మన గుమ్మం ముందు నిలబడి అడిగేవాడు. కాందిశీకుడు అంటే ఇంకా ఏ గుమ్మానికీ చేరనివాడు. నేనైతే బోర్డు మీద రెండూ రాస్తాను.

చుక్కాని:
నాది వేరే అభిప్రాయం. కోపం తెచ్చుకోకండి, మనసులో ఉన్నది చెబుతున్నాను.

మేము చదివేటప్పుడు ఇలాంటి వారాలు చాలా చూశాను. కొవ్వొత్తులు, నల్ల బ్యాడ్జీలు, ఒక గ్రూప్ ఫొటో. వారం అయిపోయాక అందరూ పరీక్షలకు వెళ్లిపోతారు. అక్కడ ఒక్క మనిషికి ఒక్క పూట తిండి పెరగదు. మనం ఏదో చేశామన్న తృప్తి మాత్రం మనకు మిగులుతుంది. ఆ తృప్తి వాళ్ల ప్రాణాల మీద నుంచి తెచ్చుకున్నది. దానికంటే మౌనంగా ఉండటం నిజాయతీ కాదా? మీ లెక్చరర్ అడిగిన ప్రశ్న సరైనదే అనిపిస్తోంది నాకు.

దీపస్తంభం:
చుక్కాని గారూ, నేను చరిత్ర పాఠాలు చెబుతాను. ఆ ప్రశ్న సరైనదే. వంద ఏళ్ల కింద ఒక క్లాస్‌రూమ్‌లో ఇదే ప్రశ్న అటు తిరిగి వచ్చింది, అది చెబుతాను.

1915లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఆర్మేనియన్ల ఊచకోత మొదలైంది. దానికి ముఖ్య బాధ్యుల్లో ఒకడైన తలాత్ పాషా యుద్ధం తర్వాత బెర్లిన్‌లో తలదాచుకున్నాడు. 1921 మార్చిలో సొఘోమోన్ తెహ్లిరియన్ అనే ఆర్మేనియన్ కుర్రాడు అతన్ని నడివీధిలో కాల్చి చంపాడు. కుర్రాడి మీద కేసు నడిచింది. ఆ వార్త చదివిన ఒక కాలేజీ విద్యార్థి తన న్యాయశాస్త్రం ప్రొఫెసర్‌ని అడిగాడు: ఒక్కణ్ని చంపినవాడి మీద కేసు ఉంది, లక్షలమందిని చంపించినవాణ్ని ఎవరూ ఎందుకు అరెస్టు చేయలేదు? దానికి చట్టం లేదన్నాడు ప్రొఫెసర్. రైతు తన కోళ్లను తాను కోసుకుంటే పక్కవాళ్లు అడగడానికి ఏముంది, అడిగితే వేరే వాళ్ల దొడ్లో దూరినట్టే అని పోలిక చెప్పాడు.

ఆ విద్యార్థి పేరు రఫాయెల్ లెమ్కిన్. ఆ జవాబుతో అతనికి తృప్తి కలగలేదు. ఆ రోజు నుంచి ఒప్పందం ఆమోదం పొందేవరకు ఇరవై ఏడేళ్లు. మధ్యలో హిట్లర్ వచ్చాడు, లెమ్కిన్ తల్లిదండ్రులిద్దరూ యూదుల ఊచకోతలో పోయారు.

అందుకే "మనకెందుకు" అనే మాట వినగానే నాకు ఆ కోళ్ల దొడ్డి గుర్తొస్తుంది. మీ లెక్చరర్ గారి మనసు అలాంటిది కాదని నాకు తెలుసు. కానీ ఆ ప్రశ్న వెనక ఉన్న నమ్మకం అదే: వాళ్ల దొడ్డి, వాళ్ల కోళ్లు. తొలకరీ, ఈ కథనే మొదటి బోర్డు చేయండి.

ఇక తర్వాతి బోర్డు చావుల గురించి వద్దు. చావుకు ముందు జరిగిన వాటి గురించి పెట్టండి. రువాండాలో హుటు తెగలోని తీవ్రవాదులు టుట్సీ తెగవాళ్లను చంపడం 1994 ఏప్రిల్ 7న మొదలై వంద రోజుల్లో 8 లక్షల మందికి పైగా పోయారు. దానికి అరవై ఏళ్ల ముందు బెల్జియం పాలకులు ఒక గుర్తింపు కార్డు ఇచ్చారు. అందులో ఒక వరుస ఉంటుంది: హుటు, టుట్సీ, ట్వా, దేశ పౌరసత్వం పొందినవారు. వర్తించనివి కొట్టేస్తారు. అంతే. కార్డు ఇచ్చిన గుమాస్తా ఎవర్నీ చంపలేదు. 1994లో రోడ్ల మీద కాపలా పెట్టినవాళ్లు ఆ కార్డు అడిగి, ఆ వరుస చూసి, కత్తి ఎత్తారు. హుటు తీవ్రవాదుల రేడియో ఆర్‌టీఎల్ఎం నెలల తరబడి టుట్సీలను బొద్దింకలు అని పిలిచింది. పాటలు వేస్తూ, మధ్యలో ఆ మాట. విద్యార్థులకు ఇది అర్థమవుతుంది. శవం ఫొటో చూసి భయపడి తల తిప్పుకుంటారు, కార్డు చూస్తే మాత్రం నిలబడి ఆలోచిస్తారు.

ఇంకో సంగతి కూడా రాయండి. అక్కడ ఐక్యరాజ్యసమితి సైనికులున్నారు. కమాండర్ రోమియో డలేర్ ఆయుధాలు పోగవుతున్నాయని, టుట్సీల జాబితాలు రాస్తున్నారని 1994 జనవరిలోనే కబురు పంపాడు. చంపడం మొదలైన రెండు వారాలకు భద్రతా మండలి ఆ సైన్యాన్ని 270 మందికి తగ్గించింది. తెలియక జరగలేదు. తెలిసినవాళ్లకు వెనక నుంచి ఒత్తిడి లేక జరిగింది. విద్యార్థుల పని ఎక్కడుందో అక్కడ కనిపిస్తుంది.

చుక్కాని:
లెమ్కిన్ సంగతి నాకు తెలియదు సార్. ఆలోచిస్తాను. కానీ ఒత్తిడి పనిచేసిందనడానికి ఒక్క ఉదాహరణ చెప్పగలరా ఎవరైనా?

పాతపెట్టె:
చెబుతాను. పనిచేసిందీ చెబుతాను, చేయనిదీ చెబుతాను.

2005 నుంచి నేను అమెరికాలో ఎమ్మెస్ చదివాను. డార్ఫూర్ ఉద్యమం అప్పుడే క్యాంపస్‌లలో అంటుకుంది. 2004లో జార్జిటౌన్ యూనివర్సిటీ విద్యార్థులు స్టాండ్ అనే సంఘం పెట్టారు. ఒకటి రెండేళ్లలో అది వందల క్యాంపస్‌లకు పాకింది. మా యూనివర్సిటీలోనూ పెట్టాం. చాలామంది చేసింది పచ్చ బ్యాండు కట్టుకోవడం, సంతకాలు పెట్టడం. కానీ కొంతమంది ఒక ప్రశ్న పట్టుకున్నారు: మన యూనివర్సిటీ నిధి ఎక్కడ పెట్టుబడి పెట్టింది? సుడాన్ ప్రభుత్వానికి డబ్బు చమురు నుంచి వస్తోంది, ఆ చమురు తీసే కంపెనీల షేర్లు మన కాలేజీల దగ్గరే ఉన్నాయి. 2005లో హార్వర్డ్ పెట్రోచైనా షేర్లు వదులుకుంది. 2006లో కాలిఫోర్నియా యూనివర్సిటీ అలాంటి కంపెనీల నుంచి తప్పుకోవాలని తీర్మానించింది. తర్వాత రాష్ట్రాల పెన్షన్ నిధులు కూడా ఆ దారి పట్టాయి. 2007 చివరి రోజున దాని మీద కేంద్ర చట్టమే వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్లలు అకౌంట్ల పుస్తకాలు తిరగేసి మొదలుపెట్టిన పని అది.

డార్ఫూర్ ఆగిందా? ఆగలేదు. 3 లక్షల మంది దాకా చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. ఆ రోజుల్లో ఊళ్లు తగలబెట్టిన జంజవీద్ అనే సాయుధ గుంపుల్లోంచే నేటి ఆర్‌ఎస్‌ఎఫ్ పుట్టింది. 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ దానికీ యుద్ధం మొదలయ్యాక, పశ్చిమ డార్ఫూర్‌లోని ఎల్ జెనీనా పట్టణంలో మసాలిత్ తెగ జనాన్ని వెతికి వెతికి చంపారు. ఆ ఒక్క పట్టణంలో ఆ ఏడాది 10 వేల నుంచి 15 వేల మంది చనిపోయారని ఐక్యరాజ్యసమితి నిపుణుల నివేదిక చెప్పింది. అది చదివిన రోజు నా పాత పచ్చ బ్యాండు బయటికి తీసి చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మేము వదిలేశాం. ఉద్యోగాలు, పెళ్లిళ్లు, పిల్లలు. వార్తల్లోంచి పోయింది, మా మనసుల్లోంచీ పోయింది. చుక్కాని గారు చెప్పిన తప్పు మేము చేసిందే.

ఇంకో తప్పు కూడా ఉంది. మా మొదటి సభలో వేదిక మీద ఎనిమిది మందిమి. అందులో డార్ఫూర్ మనిషి ఒక్కరూ లేరు. సభ అయ్యాక వెనక వరసలోంచి ఒక సుడాన్ విద్యార్థి వచ్చి, "మీరు మా చావుల గురించి గంట మాట్లాడారు, మేము ఏం పండిస్తామో మీలో ఒక్కరికైనా తెలుసా?" అన్నాడు. తెలియదు. వాళ్ల ప్రధాన పంట సజ్జలు. జెబెల్ మర్రా కొండల్లో నారింజ తోటలు. దార్ ఫూర్ అంటే ఫూర్ జనం ఇల్లు. 1916లో బ్రిటిష్ వాళ్లు కలుపుకునేదాకా అది సొంత సుల్తానుల రాజ్యం. ఇవన్నీ అతను చెబితేనే తెలిశాయి. సజ్జ రొట్టె తినే ఊరి నుంచి వెళ్లినవాణ్ని, సిగ్గుపడ్డాను.

కాబట్టి తొలకరీ, నీ వారంలో మొదటి రోజు వాళ్లు ఎలా బతికారో చెప్పు. తర్వాత మిగతాది.

గోరింట:
పాతపెట్టె అన్నయ్య చెప్పినదానికి చెయ్యెత్తి మొక్కుతాను. నేను నర్సుని. బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ దగ్గర రొహింగ్యా శిబిరాల్లో రెండేళ్లు పనిచేశాను.

2017 ఆగస్టు 25 తర్వాత కొన్ని నెలల్లో మయన్మార్ నుంచి 7 లక్షల మందికి పైగా ఆ కొండల్లోకి వచ్చారు. వాళ్ల కథ కూడా కాగితంతోనే మొదలైంది, దీపస్తంభం సార్ చెప్పినట్టే. 1982 పౌరసత్వ చట్టంతో వాళ్లు సొంత దేశంలోనే ఎవరికీ చెందనివాళ్లయ్యారు.

శిబిరం అంటే మీ విద్యార్థులు ఏడుపులూ ఆకలీ ఊహించుకుంటారు. నేను చూసిన శిబిరం ఎక్కువగా ఎదురుచూపు. వెదురు, టార్పాలిన్, క్యూ. గ్యాస్ సిలిండర్ క్యూ, మందుల క్యూ, సంతకం కోసం మాఝీ ఇంటి ముందు క్యూ. మాఝీ అంటే బ్లాక్ పెద్ద. బయటికి వెళ్లి పని చేసుకునే హక్కు లేదు. 2023లో నిధులు చాలక, నెలకు మనిషికి 12 డాలర్ల రేషన్ ముందు 10కి, తర్వాత 8కి తగ్గించారు. ఆ నెలల్లో నా దగ్గరికి వచ్చిన గర్భిణుల చేతులు పట్టుకుంటే ఎముకలు తగిలేవి. ఎక్కడో దాత దేశంలో బడ్జెట్ కాగితం మీద ఒక అంకె మారితే, ఇక్కడ ఒక పిల్లాడి బరువు మారుతుంది. చుక్కాని గారూ, ఒక్క పూట తిండి పెరగదన్నారు కదా. ఆ అంకె ఎవరూ చూడనప్పుడే తగ్గుతుంది. 2024 జనవరి నుంచి మళ్లీ కొంచెం పెంచారు. చూసేవాళ్లు ఉండాలి.

కొన్ని జాగ్రత్తలు. శరణార్థుల ముఖాలు, పేర్లు, ఊర్లు వాళ్లను అడగకుండా ఎక్కడా పెట్టకండి. వాళ్ల వాళ్లు ఇంకా అక్కడే ఉంటారు. ఒక్క ఫొటో వల్ల అక్కడ ఒక ఇంటికి మనుషులు వెళ్తారు. ఏడుస్తున్న పిల్లల ఫొటోలు అసలే వద్దు. ఇంకో మాట: కొన్ని కాలేజీల్లో శరణార్థి శిబిరం ఆట పెడతారు, విద్యార్థులను క్యూలో నిలబెట్టి అరిచి తోసి. దయచేసి చేయకండి. పది నిమిషాల్లో ఇంటికి వెళ్లిపోయేవాడికి ఆ భయం తెలియదు, తెలిసిందనుకుంటాడు.

మాట్లాడటానికి వచ్చినవాళ్లను "ఆ రోజు ఏం జరిగింది" అని అడగొద్దు. వాళ్లే చెబితే వినండి.

చట్టం_చదువు:
ఒక బోర్డు మీద ఈ లెక్క కచ్చితంగా ఉండాలి. 2024 చివరికి ప్రపంచంలో ఇల్లు వదిలి పారిపోవాల్సి వచ్చినవాళ్లు 12.32 కోట్లు. అందులో 7.35 కోట్ల మంది తమ దేశం సరిహద్దు దాటనే లేదు, లోపలే చెల్లాచెదురయ్యారు. దాటినవాళ్లలో మూడింట రెండు వంతులు పక్క దేశంలోనే ఉన్నారు. ఆ దాటినవాళ్లలోనే 73 శాతం మందికి చోటిచ్చింది తక్కువ, మధ్య ఆదాయ దేశాలు. "అందరూ ధనిక దేశాల మీద పడుతున్నారు" అనే మాట మీ దగ్గరా వస్తుంది, చూడండి. ఎల్ జెనీనా వాళ్లు సుమారు 30 కిలోమీటర్లు నడిచి చాద్‌లో అద్రే అనే చిన్న పట్టణం చేరారు. చాద్ ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి.

1951 శరణార్థుల ఒప్పందంలో 33వ అధికరణం గుండెకాయ లాంటిది: ప్రాణానికి ముప్పు ఉన్న చోటికి మనిషిని తిరిగి తోసేయకూడదు. ఆ ఒక్క వాక్యం తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి.

ఆకురాయి:
డార్ఫూర్ ఒక్కటే ఎందుకు? గాజా గురించి ఎందుకు మాట్లాడరు? భయమా?

తొలకరి:
భయం కాదండీ. మేము మొదట చదివింది ఎల్ ఫాషర్ గురించి, అందుకే. మీరడిగింది మేమూ మాట్లాడుకున్నాం.

చట్టం_చదువు:
దానికీ అదే పద్ధతి పాటించండి. 2023 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికా అంతర్జాతీయ న్యాయస్థానంలో ఇజ్రాయెల్ మీద జెనోసైడ్ ఒప్పందం కింద కేసు వేసింది. 2024 జనవరి 26న కోర్టు తాత్కాలిక ఆదేశాలు ఇచ్చింది, తుది తీర్పు ఇవ్వలేదు. 2025 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్ జెనోసైడ్ జరిగిందని తేల్చింది. ఇజ్రాయెల్ దాన్ని ఒప్పుకోలేదు. మయన్మార్ మీద గాంబియా వేసిన కేసు 2019 నుంచి అదే కోర్టులో ఉంది. అన్నీ ఒకే బోర్డు మీద, ఒకే తూకంతో. ఒకరి చావును ఇంకొకరి చావుకు పోటీగా పెట్టొద్దు, అంతే.

తొలకరి:
అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. స్లైడ్లన్నీ పక్కన పెట్టేశాం. కానీ చివరి ప్రశ్న అలాగే ఉంది. మా కాలేజీకి షేర్లు లేవు. మేము ఏం అడగాలి?

పాతపెట్టె:
మీ కాలేజీ దగ్గర షేర్లు లేకపోయినా సీట్లు ఉన్నాయి కదా.

కెనడాలో 1978 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. విద్యార్థులు తమ ఫీజుతో పాటు చిన్న మొత్తం కట్టుకుంటారు. కట్టాలా వద్దా అని వాళ్లే ఓటు వేసుకుంటారు. ఆ డబ్బుతో శిబిరాల నుంచి శరణార్థి విద్యార్థులను పిలిపించి చదివిస్తారు. విమానాశ్రయానికి వెళ్లి తీసుకొచ్చేది, బ్యాంకు ఖాతా తెరిపించేది తోటి విద్యార్థులే. చందాలాగా కాకుండా మనిషికి మనిషి.

2023 నాటికి ఇంటర్ దాటి పై చదువుకు చేరిన శరణార్థి యువత నూటికి ఏడుగురే. దానికి కొన్నేళ్ల ముందు అది మూడు. 2030 నాటికి పదిహేను చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. డబ్బు ఒక అడ్డంకి. రెండోది సర్టిఫికెట్. ఇల్లు తగలబడుతుంటే ఎవరు మార్కుల మెమో వెతుక్కుంటారు? కాగితాలు లేనివాళ్ల చదువును ఇంటర్వ్యూతో అంచనా వేసి పత్రం ఇచ్చే పద్ధతి యునెస్కోకి ఉంది. ఒరిజినల్ లేదన్న ఒక్క కారణంతో శరణార్థి దరఖాస్తును తిప్పి పంపకూడదని మీ కాలేజీని ఒక నిబంధన అడగండి. ఒక్క పేజీ. దానికి సంతకాలు సేకరించండి.

నడక:
డబ్బు మాత్రం మీ చేతిలోకి తీసుకోకండి. ఇవ్వాలనుకున్నవాళ్లను నేరుగా ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థకు పంపమనండి.

తొలకరి:
(మూడు వారాల తర్వాత)

వారం అయిపోయింది. మీకు చెప్పకుండా ఉండలేను.

హాల్ తీసుకోలేదు. లైబ్రరీకి వెళ్లే వరండాలో ఐదు బోర్డులు పెట్టాం. అటు వెళ్లేవాళ్లందరూ ఎలాగూ నడవాలి. మొదటి బోర్డు మీద సజ్జలు, నారింజ తోటలు, ఫూర్ జనం ఇల్లు. పక్కన నడక గారి కాందిశీకుడు. రెండోది లెమ్కిన్ అడిగిన ప్రశ్న, ప్రొఫెసర్ జవాబు, కింద ఖాళీ స్థలం. మూడోది రువాండా కార్డు. నాలుగోది ఎవరు ఎప్పుడు ఏమన్నారో. ఐదోది లెక్కలు, 33వ అధికరణం. శవాల ఫొటో ఒక్కటీ లేదు.

ఎక్కువమంది ఆగింది మూడో బోర్డు దగ్గరే. ఒక ఫస్టియర్ అబ్బాయి తన ఐడీ కార్డు తీసి దాని మీద ఏమేం రాసుందో చదువుకుంటూ నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనలేదు. లెమ్కిన్ బోర్డు కింద ఖాళీలో పెన్నుతో జవాబులు రాశారు. కొన్ని బాగున్నాయి, రెండు చెరిపేయాల్సి వచ్చింది. ఒకరితో గొంతు పెంచుకునేదాకా వెళ్లింది. నాకు చాలా టెన్షన్ పట్టింది. నాలుగో బోర్డు దగ్గరికి తీసుకెళ్లి తేదీలు చూపించాక తగ్గాడు. ఒప్పుకోలేదు, కానీ చదివాడు.

మా లెక్చరర్ గారు రెండో రోజు వచ్చారు. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఐదో బోర్డు మీద మేము సరిహద్దు తప్పుగా గీశామని చూపించారు. ఎల్ జెనీనా చాద్‌లో ఉన్నట్టు వచ్చింది. మళ్లీ గీశాం. ఆయన లెమ్కిన్ బోర్డు దగ్గర చాలాసేపు ఉన్నారు. ఏమీ అడగలేదు. వెళ్లేటప్పుడు సంతకాల కాగితం తీసుకుని పెట్టారు.

గురువారం డార్ఫూర్ విద్యార్థి ఒకరు ఆన్‌లైన్‌లో మాట్లాడారు. ఇప్పుడు వేరే దేశంలో చదువుతున్నారు. ఏం అడగొచ్చు, ఏం అడగకూడదో ముందే ఆయనతో మాట్లాడుకున్నాం. ఇరవై నిమిషాలు వాళ్ల స్కూలు గురించి, వాన పడితే పొంగే వాగు గురించి, లెక్కల మాస్టారి గురించి చెప్పారు. యుద్ధం గురించి ఐదు నిమిషాలే. ఎవరో ఒకమ్మాయి "మీ మాస్టారు ఎలా ఉన్నారు?" అని అడిగింది. అది అడగకూడని ప్రశ్న అని ఆమెకు తెలియదు. ఆయన కాసేపు ఆగి, ఇంకో ప్రశ్న తీసుకుంటానన్నారు. వింటున్నవాళ్లంతా నిశ్శబ్దమైపోయారు. మొదటిసారి స్లైడ్లు చూపించినప్పుడు రానిది ఆ నిశ్శబ్దం.

సర్టిఫికెట్ నిబంధన అకడమిక్ కమిటీ ముందుకు వెళ్లింది. వచ్చే నెల మీటింగ్. జూనియర్లు నలుగురు చేరారు, మేము వెళ్లిపోయాక చూసుకోవడానికి. పాతపెట్టె అన్నా, ఇది మీకోసం ప్రత్యేకంగా చెబుతున్నాను.

చుక్కాని:
చదివాను. కమిటీకి ఇచ్చిన ఆ ఒక్క పేజీ నాకు పంపగలరా? నేను పనిచేసే కాలేజీలో అడిగి చూస్తాను.

తొలకరి:
ఈ రాత్రే పంపుతానండీ.

ఒక సంగతి మర్చిపోయాను. ఆ విద్యార్థి మరుసటి రోజు మెసేజ్ పెట్టారు. మొదటి బోర్డు మీద డార్ఫూర్ ఊళ్ల పేర్లు కొన్ని తెలుగులో రాశాం. అందులో వాళ్ల ఊరు కూడా ఉందట. వాళ్లమ్మకు చూపించాలి, ఫొటో పంపమన్నారు. ఆ అక్షరాలు ఆమెకు చదవడం రాకపోయినా, ఎక్కడో ఎవరో తమ ఊరి పేరు రాశారని చూడాలందట.

గోరింట:
ఆ ఫొటో ఇక్కడ పెట్టకు తల్లీ. ఊరి పేరు కూడా రాయొద్దు.

తొలకరి:
రాయలేదక్కా. ఆయనకు మాత్రమే పంపాను.